మందు వేసినావా?

మా ఇంట్లో మందు అంటే నాలుగు. మా మామ పొద్దునా సాయంత్రం మింగే మాత్రలు ఒక మందు. రొయ్యల గుంటల్లో చల్లేది ఒక మందు. తుపాకీలో పోసి దట్టించేది ఒక మందు. పొద్దుగూకితే మా ఆయన మోటారు షెడ్డులో కూర్చుని తాగేది ఒక మందు. మొదటి మూడూ నా చేతి మీదుగా నడిచేవి. ఆ నాలుగోది ఒక్కటే నా మాట వినకుండా దానంతటది నడిచిపొయ్యేది.

కొత్తగా వచ్చినోళ్ళు మా మాటలు వింటే బెదిరిపోతారు. ఒకసారి మామకి బీపీ చూసేదానికి నర్సమ్మ వచ్చింది. ఆమె ఎదురుగానే మామ నన్ను పిలిచి, "మందుకి... తేమ... తగల్లేదు గదా?" అని అడిగినాడు. లేదన్నా. "మాత్రలకి తేమ ఏందమ్మా?" అని ఆమె నోరు తెరిచింది. "అది వేరే మందులేమ్మా," అన్నానే గాని ఏ మందో చెప్పలేదు. చెప్తే మళ్ళీ మా గడప తొక్కుతుందా?

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే మా ఇల్లు. ఇంటికి నాలుగు పక్కలా గుంటలే. ఒకప్పుడు అవన్నీ వరి మళ్ళు. ఇప్పుడు వాకిట్లో నిలబడి ఎటు చూసినా నీళ్ళు, ఆ నీళ్ళని చిలికే ఏరేటర్లు. రోడ్డు ఎక్కాలంటే ఒకటే గట్టు, వాన పడితే ఆ గట్టు మీద కాలు నిలవదు. సముద్రం కూతవేటు దూరం. అయినా నేను సముద్రాన్ని చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు. దాని హోరు కూడా వినపడదు. ఏరేటర్ల మోత దాన్ని మింగేస్తాది. ఆ మోత మాకు ఎంత అలవాటంటే, కరెంటు పోయి అది ఆగిన క్షణం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. గాలి అందకపోతే రొయ్య చచ్చి తేలుతాది. చప్పుడైతే లేచేవాళ్ళు లోకమంతా ఉన్నారు, చప్పుడు ఆగితే లేచేది మేమే.

నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నా. అంటే మా మామ మా అమ్మకి అన్న. నన్ను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పినాయన. కోడలిని అయినాక కూడా ఆయన్ని "నువ్వు" అనే అంటా, మామ అని భయపడి కొంగు సర్దుకోవడం నా వల్ల కాలేదు. నాకు నోరెక్కువని ఊళ్ళో పేరు. ఆ నోరు ఎవరిది అనుకున్నారు? మా మామదే. మేనమామ పోలిక.

తుపాకీ సంగతి చెప్పాలి. అది నోట్లో నించి మందు పోసి దట్టించే పాతకాలపు ఒంటిగొట్టం తుపాకీ. పంట కాపలాకని మామ వాళ్ళ నాయన కాలంలో లైసెన్సు వచ్చింది. అప్పుడు అడివి పందులకి. వరి పోయి రొయ్య వచ్చినాక నీటికాకులకీ కొంగలకీ. తెల్లారే వేళకి గుంపులు గుంపులుగా దిగుతాయి. వాటిని వదిలేస్తే గుంటంతా వాటికి పెళ్ళి భోజనమే. అయినా పిట్టని కొట్టేది లేదు. కొట్టగూడదని చట్టం, కొట్టనని మామ పంతం. గుండు లేదు, రవ్వ లేదు. ఉత్త మందు, దాని మీద కొబ్బరి పీచు ఉండ, ఇనుప కడ్డీతో దట్టింపు. చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడుకి పిట్టలన్నీ ఒకేసారి లేచి ఉప్పుటేరు అవతలికి పోతాయి.

టపాకాయలు కాల్చుకోవచ్చు గదా అంటారు. పక్క గుంటలోళ్ళు అదే చేస్తారు. మా మామ ముందు ఆ మాట అంటే, "టపాకాయ పిల్లోళ్ళ ఆట. పిట్టకి వారం రోజుల్లో అలవాటైపోతాది. తుపాకీకి ఎన్నటికీ అలవాటు కాదు," అనేవాడు. అది నిజమో కాదో ఆ పిట్టలకే తెలియాలి.

తుపాకీకి మందు వేయడంలో ఆయనకి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. దీపం పెట్టినాక మందు డబ్బా మూత తీయగూడదు. అందుకే మరుసటి తెల్లవారికి కావాల్సింది ముందురోజు సాయంత్రం వెలుగుండగానే దట్టించి గోడకి తగిలించాలి. మందు వేసేటప్పుడు ఎవరూ పలకరించగూడదు. మందు తాగేవాడు మందు తాకగూడదు. నిప్పు పుట్టించే టోపీ ఇంట్లో పెట్టగూడదు, అది గట్టు మీదికి పోయినాకనే. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఒకటుంది. వేసినాయన నోరు తెరిచి "వేసినా" అని చెప్పాలి. ఇంట్లో ఉండే రెండో మనిషి అది విని "సరే" అనాలి. ఆ "సరే" పడేదాకా తుపాకీని ఎవరూ తాకగూడదు.

అది ఛాదస్తం కాదు. తుపాకీని బయటినించి చూస్తే మందు ఉందో లేదో తెలియదు. ఉందని తెలియక ఇంకొకరు మళ్ళీ పోస్తే రెండు మందులు పడతాయి. మామ స్నేహితుడు ఒకాయనకి అట్టాగే రెండు మందులు పడి గొట్టం పగిలింది. ఎడమ చేతికి బొటనవేలు లేదు, ఒక కన్ను లేదు. ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా మామ నన్నూ మా ఆయన్నీ పిలిచి ఎదురుగా కూర్చోబెట్టేవాడు, పాఠం చెప్పినట్టు. పాపం ఆ పెద్దాయన చెయ్యి దాచుకునేవాడు. పైగా మాది ఉప్పుగాలి. గొట్టం లోపల ఎంత తిని పొయ్యుందో దేవుడికి తెలియాలి.

అనుమానం వస్తే చూసుకునే దారి ఒకటుంది. దట్టించే కడ్డీ మీద మామ గీత గీసి పెట్టినాడు. ఖాళీ గొట్టంలోకి కడ్డీ వదిలితే గీత గొట్టం అంచుకి సరిగ్గా వస్తాది. ఒక మందు ఉంటే రెండు వేళ్ళు పైకి లేస్తాది. కానీ రోజూ ఎవరు చూస్తారు? "వేసినా, సరే" అంటే చాలు గదా అనుకునేవాళ్ళం.

రెండేళ్ళ కిందట మామకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పొయినాయి. మూతి ఒక పక్కకి లాగింది. మాట ముద్దగా, ఒక్కొక్కటి తవ్వి తీసినట్టు వచ్చేది. కుడి పక్క చూపు కూడా తగ్గింది. ఆసుపత్రి నించి తెచ్చి మంచం మీద పడుకోబెట్టినాక ఆయన మొదట అడిగింది కాఫీ కాదు, మా అమ్మనీ కాదు. గోడకున్న తుపాకీ వైపు ఎడమ చెయ్యి చూపించి, "మందు... వేసినావా?" అన్నాడు.

ఎవరు వేస్తారు? పేల్చేది మా ఆయన. తెల్లవారి నిఖార్సుగా ఉంటాడు, పేల్చగలడు. కానీ మందు దట్టించే వేళ సాయంత్రం. ఆ వేళకి ఆయన షెడ్డు చేరేవాడు. ఒక మందు తాగేవాడికి ఇంకో మందు ఇయ్యనని మామ ఒకటే పట్టు. దాంతో అది నా నెత్తిన పడింది. నాకు నేర్పించినాడు. మంచం మీద పడుకునే, ఒక చేత్తో, సగం మాటతో. నేను తప్పు చేస్తే మంచం పట్టె మీద కొట్టేవాడు. లైసెన్సు మామ పేరున ఉండాది. పేల్చేదానికి మా ఆయన పేరు కూడా ఎక్కించినారు. రోజూ మందు వేసే నా పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

మొదట్లో గొప్పగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తెల్లవారి ఆ చప్పుడు వినపడితే, అది నేను వేసిందే అనుకునేదాన్ని. తర్వాత తర్వాత తెలిసొచ్చింది. పొద్దుగూకే వేళకి నేను ఆ ఇంట్లో ఉండి తీరాలి. పెళ్ళి కానీ, చావు కానీ, తిరనాళ్ళు కానీ, వెలుగుండగానే ఇంటికి చేరాలి. చుట్టాల ఇంట్లో భోజనానికి కూర్చుని ఆకు ముందు నించి లేచిన రోజులున్నాయి. "అప్పుడే ఏందమ్మా?" అంటే, "మామకి మందు వెయ్యాల," అనేదాన్ని. "ఎంత బాగా చూసుకుంటాదో," అని మెచ్చుకునేవాళ్ళు. నేను పళ్ళు కొరుక్కుంటా వచ్చేసేదాన్ని. రెండేళ్ళలో ఒక్క రాత్రి ఇంకో ఇంట్లో పడుకోలేదు. మా గట్టు చివరన నెల్లూరు బస్సు పోతా హారన్ కొడితే అది కనుమరుగయ్యేదాకా చూస్తా నిలబడేదాన్ని.

ఇట్టా ఉండగా మా అమ్మకి కంట్లో శుక్లం ముదిరింది. అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటాది. నేనొక్కదాన్నే బిడ్డని. ఆపరేషన్ చెయ్యాలన్నారు, తర్వాత వారం రోజులు పక్కన మనిషుండాలన్నారు. అమ్మ ఒకసారి వాయిదా వేసుకుంది, ఇంకోసారి వేసుకుంది. "నీకు కుదిరినప్పుడే చేయించుకుంటాలే," అనేది ఫోన్లో. ఆమె అట్టా మెత్తగా అంటే నాకు ఇంకా మంటెక్కేది. చీకట్లో తడుముకుంటా పొయ్యి అంటించుకునే మనిషి నాకు కుదిరేదాకా ఆగతాదంట.

చివరికి ఒక మధ్యాహ్నం మామ మంచం దగ్గిర నిలబడి అనేసినా. "మామా, నేను అమ్మ దగ్గిరికి పోవాల. వారం రోజులు."

మామ గోడ వైపు చూసినాడు. "మందు... ఎవరు?"

"నీ కొడుకు వేస్తాడు."

తల అడ్డంగా ఊపినాడు.

"అయితే ఆ తుపాకీని స్టేషన్లో ఇచ్చేయ్. నీకేం, మంచం మీదున్నావు. అది నా మెడకి గుదిబండ అయింది. శుక్లం నా చేతిలో పని అనుకున్నావా, ఆగమంటే ఆగేదానికి? నీ చెల్లెలే గదా. ఆమె గుడ్డిదైతే నీకు నిద్ర పడతాదా? నీ తుపాకీకి నువ్వన్నా మందు వేసుకో, లేదా నన్నన్నా పంపించు."

మామ మొహం పక్కకి తిప్పినాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి మాట రాదు, నాకు ఆగదు. అట్టాంటి కొట్లాటలో గెలిచినా ఓడినట్టే ఉంటాది. ఆ తర్వాత నాలుగైదు రోజులు మా ఇద్దరి మధ్య మాత్రలు, కాఫీ, "వేసినా", "సరే". అంతే.

అట్టాంటి ఒక సాయంత్రం మేత బస్తాల ఆటోవాడు తొందరగా వస్తానని ఫోన్ చేసినాడు. పైన మబ్బు కూడా కమ్ముకుంటా ఉండాది. బస్తాలు తడిస్తే అయిపోయినట్టే. అందుకని రోజూ కంటే ముందే, మామ కునుకు తీస్తా ఉంటే, తుపాకీ దించి వసారాలో కూర్చుని మందు వేసి, పీచు దట్టించి, మళ్ళీ మెల్లిగా గోడకి తగిలించినా. నిద్రపొయ్యే మనిషికి "వేసినా" అని ఏం చెప్తాం? లేచినాక చెప్దాంలే అనుకుని బయటికి పొయినా. ఆటో వచ్చింది, బస్తాలు దించుకున్నాం, పట్ట కప్పినాం. ఆ హడావిడిలో నేను చెప్పాల్సిన మాట గాల్లో కలిసిపొయింది.

వచ్చి పొయ్యి మీద చేపల పులుసు పెట్టినా. అప్పటికి మామ లేచినాడు. లోపలి గదిలోంచి గొంతు వినపడింది. "మందు... వేసినావా?"

అది మాత్రల వేళ కూడా. మాత్రలు అన్నం తిన్నాక వెయ్యాల. నా చేతిలో చింతపండు పులుసు, బుర్రలో బస్తాలు. "ఇంకా లేదు మామా. అన్నం తిన్నాక వేస్తా," అని కేకేసినా.

ఆ మాట లోపల పడుకున్న మనిషికి ఎట్టా వినపడి ఉంటాదో ఇప్పుడు తలుచుకుంటే తెలస్తాది. తుపాకీకి ఇంకా మందు పడలేదు. కోడలు అలిసిపోయి ఉండాది. అన్నాలు తిన్నాక, దీపం వెలుతురులో మందు డబ్బా తెరుస్తానంటాది. ఇన్నేళ్ళు ఆయన కాపాడిన కట్టుబాటు ఈ రోజు మంట్లో కలిసేట్టుంది. పైగా నాలుగు రోజుల కిందట ఆ కోడలే అన్నది, నువ్వన్నా వేసుకోమని.

ఇంకా వెలుగుండగానే నేను గట్టు మీదికి పోయి మా ఆయన్ని అన్నానికి పిలిచి, గుంటలో దించిన మెష్ పళ్ళెంలో రొయ్య మేత తిన్నదో లేదో చూసి వచ్చే సరికి మామ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమటలు. ఎవరన్నా పట్టుకుంటే రెండడుగులు వేసేదానికి తెచ్చిన చేతికర్ర కింద పడి ఉండాది. ఒంటరిగా బాత్రూముకి పొయినాడని నేను అరిచినా. "పడితే తుంటి విరిగేది. నీకేమన్నా బుద్ధుందా మామా?" ఆయన బాగున్న పక్క మూతితో నవ్వినాడు. అన్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు. మాత్రలు మింగినాడు. "వేసినా" అని నేను అనలేదు, ఆయనా అడగలేదు. కోపమింకా పోలేదేమో అనుకున్నా.

తెల్లవారి మా ఆయన లేచి తుపాకీ తీసుకుని గట్టు మీదికి పొయినాడు. నేను కాఫీ కాచి మామ దగ్గిరికి తీసకపొయినా. కిటికీ లోంచి సన్నగా వెలుగు వస్తా ఉండాది. మామ అప్పటికే మేలుకుని, తల పక్కకి వంచి చెవి రిక్కించి ఉన్నాడు.

"విను," అన్నాడు.

"ఏంది వినేది?"

"తుపాకీ." ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉండాది. ఎడమ చెయ్యి ఎత్తి నాకు చూపించినాడు. గోళ్ళ కింద నల్లగా ఉండాది. లుంగీ మీద కొబ్బరి పీచు పోగులు. "నేనే... మందు. ఎడమ... చేత్తో." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు... పో. అమ్మ... దగ్గిరికి."

నాకు మొదట సంతోషమే వేసింది. నిజం. ఒక్క క్షణం. తర్వాత గుర్తొచ్చింది. నేను వేసినా గదా. నా మాట నమ్మి, గీత ఆనని ఆ చూపుతో, నేను వేసినాక ఈయన వేసినాడు. గోడ వైపు చూసినా. మేకులు ఖాళీగా ఉన్నాయి.

గ్లాసు ఎక్కడ పెట్టినానో తెలియదు. చెప్పులు లేవు. గట్టు మీద రాత్రి వానకి బురద, ఒక్కసారి మోకాళ్ళ మీద పడినా. దూరంగా పెద్ద గుంట మూల మీద మా ఆయన నిలబడి ఉన్నాడు. నీళ్ళ మీద కొంగలు తెల్లగా దిగి ఉన్నాయి. "బావా!" అని అరిచినా. "కాల్చబాక బావా!" సముద్రపు గాలి నా మొహం మీదికే కొడతా ఉండాది, నా గొంతు నా వెనక్కే పోతా ఉండాది. ఏరేటర్లన్నీ ఒకటే మోత. ఊళ్ళో నోరెక్కువని పేరున్నదాన్ని, ఆ రోజు నా నోరు నాకు పనికి రాలేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టినాడు. టోపీ కోసం.

ఆ బొటనవేలు లేని పెద్దాయన చెయ్యి నా కళ్ళ ముందు కనపడింది. ఇంకా ఎంత పరిగెత్తినా ఆయన్ని అందుకోలేను. పక్కనే కరెంటు స్టార్టర్ల పెట్టె ఉండాది. ఎందుకు తోచిందో, ఎట్టా తోచిందో. పెట్టె తలుపు లాగి మెయిన్ దించేసినా.

మోత ఆగిపొయింది. అన్ని గుంటల్లోనూ ఒక్కసారిగా. కరెంటు పోయిన రాత్రుల్లో కూడా అంత నిశ్శబ్దం నేను వినలేదు. ఎక్కడో దూరంగా సముద్రం వినపడింది.

మా ఆయన తుపాకీ దించి చటుక్కున వెనక్కి తిరిగినాడు. ఏ రొయ్యల రైతైనా తిరగతాడు. "ఎవడ్రా కరెంటు తీసింది?" అని బూతు కూడా తిట్టినాడు. నన్ను చూసినాడు. నేను రెండు చేతులూ ఊపతా, "రెండు మందులు! రెండు పడినాయి బావా, టోపీ పెట్టబాక!" అని చెప్పినా. ఈసారి నా గొంతు నాకే వినపడింది.

ఆయన టోపీని నీళ్ళలోకి విసిరేసినాడు. తుపాకీని గట్టు మీద గుంట వైపు మొహం పెట్టి పడుకోబెట్టి, కడ్డీ తీసి మెల్లిగా లోపలికి తోసినాడు. ఇద్దరం వంగి చూసినాం. గీత గొట్టం అంచు మీద నాలుగు వేళ్ళు లేచి ఉండాది. ఆయన తన వేళ్ళు దాని పక్కన పెట్టి కొలిచి, ఆ వేళ్ళనే చూసుకుంటా బురదలో కూర్చుండిపొయినాడు. నేను పోయి మెయిన్ ఎత్తినా. మళ్ళీ మోత మొదలైంది. కొంగలు కదల్లేదు, ఆ రోజు వాటికి కడుపు నిండింది.

ఇంటికి వచ్చే సరికి మామ అట్టాగే తల వంచి ఉన్నాడు. చప్పుడు కోసం. ఆయన్ని చూస్తే నాకు తిట్టాలనీ అనిపించింది, కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది.

"పేల... లేదే?"

"రెండు పడినాయి మామా. నేను ముందే వేసినా. నువ్వు నిద్రపోతా ఉంటే."

మామ తన ఎడమ చేతి గోళ్ళు చూసుకున్నాడు. "అడిగినా... గదా."

"నువ్వు మాత్రలు అడిగినావనుకున్నా."

"మందు," అన్నాడు మామ. ఆ మాటని నోట్లో తిప్పి చూసుకున్నట్టు మళ్ళీ అన్నాడు, "మందు." తలుపు దగ్గిర నిలబడిన కొడుకుని పిలిచి, రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి ఎడమ చేత్తో తడిమినాడు. వేళ్ళన్నీ తడిమినాడు. అప్పుడు ఏడ్చినాడు. పక్షవాతం వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి.

తుపాకీ మాత్రం ఇంకా నిండుగానే ఉండాది. కాల్చేదానికి లేదు, అట్టాగే ఇంట్లో పెట్టుకునేదానికీ లేదు. ఉన్న దారి ఒకటే, గొట్టంలో నీళ్ళు పోసి మందుని చంపడం. కానీ ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఎందుకంటే మామ మాట ఒకటి ఉండాది. మందుకి నీళ్ళు తగలడం ఆయన దృష్టిలో మహాపాపం. "తుపాకీ నోట్లో నీళ్ళు పడేది, నా నోట్లో తులసి నీళ్ళు పడే రోజే," అని ఆయన మా చిన్నప్పటినించీ చెప్పిన మాట.  

మామే నోరు తెరిచినాడు. "నీళ్ళు... పొయ్యి."

"మామా."

"నువ్వే... పొయ్యి. వాడొద్దు."

తుపాకీని వసారాలోకి తెచ్చి, మామకి కనపడేట్టు స్తంభానికి ఆనించినాం. చెంబుతో నీళ్ళు తెచ్చి మెల్లిగా గొట్టం నోట్లో పోసినా. గుటగుటమని మింగింది. కాసేపటికి కింద సన్న రంధ్రంలోంచి నల్లటి నీళ్ళు కారి వసారా గచ్చు మీద పారినాయి. నేను వేసింది, ఆయన వేసింది, రెండూ కలిసే కారినాయి. అవి ఆగి తెల్లటి నీళ్ళు వచ్చేదాకా పోస్తానే ఉన్నా.

తల ఎత్తి చూస్తే మామ మంచం మీద నించి నా వైపు తిరిగి నోరు తెరుచుకుని ఉన్నాడు. పిట్టపిల్ల తెరిచినట్టు. ఆయన నవ్వులాటకి చేస్తా ఉన్నాడో, నిజంగానే తులసి నీళ్ళు అడగతా ఉన్నాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"నోరు ముయ్యి మామా," అన్నా. "నీకింకా టైముంది."  లోపలికి పోయి చల్లారిపోయిన కాఫీ వేడి చేసి తెచ్చి, ఆయన తల ఎత్తి తాగించినా. సగం గడ్డం మీద కారింది. కొంగుతో తుడిచినా.

ఆ వారంలోనే మా ఆయన తుపాకీని శుభ్రంగా తుడిచి, కాగితాలు పెట్టుకుని పోయి స్టేషన్లో అప్పగించి వచ్చినాడు. అప్పగించమన్నది మామే. మేకులు గోడకి అట్టాగే ఉన్నాయి. పిట్టలు దిగకుండా పెద్ద గుంట మీద వలతాళ్ళు కట్టినాం, తెల్లవారి టపాకాయలు కాల్చినాం. వారం రోజుల్లో పిట్టలకి అలవాటైపోతాదని మామ అన్న మాట నిజమే అయింది. మా ఆయన గట్టు మీద పరిగెత్తి వాటిని తోలతాడు. మామ మాత్రలు తనే వేస్తానన్నాడు. ఆ నాలుగో మందు మానేసినాడా అంటే, మానలేదు. తగ్గించినాడు. అబద్ధం రాయను.

నేను బస్సెక్కినా. గట్టు చివరన నిలబడి చెయ్యి ఎత్తితే బస్సు ఆగింది. ఆగతాదని నాకు నమ్మకమే లేదు. అమ్మకి ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టు విప్పి, చుక్కల మందు ఇచ్చి, గంట గంటకీ వెయ్యమన్నారు. అమ్మ ఇల్లు రెండు గదుల వాటా. కిటికీ తీస్తే ఆటోలు, మనుషులు, టిఫిన్ బండి. ఎక్కడికైనా పోవచ్చు. అయినా పొద్దు వాలే సరికి నా ఒళ్ళు నిలవలేదు. లేచి నిలబడినా, కూర్చున్నా, గడపలోకి పొయినా. వెలుగు పోతా ఉండాది, నా చేతులు ఏదో మర్చిపోయినట్టు ఊరికే తెరుచుకుంటా మూసుకుంటా ఉన్నాయి. తలుపు తెరిచి వదిలినా కొట్టం లోనే నిలబడే ఆవులుంటాయి గదా, అట్టా ఉండాది నా సంగతి.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన నంబరు. ఎత్తితే అవతల ఊపిరి శబ్దం, వెనక ఏరేటర్ల మోత.

"మందు... వేసినావా?"

 మామకి మతి తప్పిందనుకున్నా. "మామా, తుపాకీ స్టేషన్లో ఉండాది గదా," అన్నా మెల్లిగా.

"తుపాకీ... తగలెయ్యా," అన్నాడు మామ. ఒక్కొక్క మాటా ఏరుకుని పెట్టినాడు. "నా చెల్లెలికి. కంట్లో."

గోడ గడియారం చూసినా. చుక్కల వేళ దాటిపొయ్యుండాది. సీసా కిటికీలో అట్టాగే ఉండాది.

"ఇంకా లేదు మామా," అన్నా.

"వెయ్యి."

ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన ఊపిరి వినపడతానే ఉండాది. ఫోన్ని మంచం మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, అమ్మ తల వెనక్కి వంచి, రెప్ప ఎత్తి, ఒక చుక్క వేసినా. అమ్మ కళ్ళు మూసుకుంది. చుక్క చెంప మీదికి జారింది. ఫోన్ తీసి చెవి దగ్గిర పెట్టుకున్నా.

"వేసినా మామా."

"సరే," అన్నాడు మామ.